పొమ్మంటే పోత గానీ, పొయ్యమంటే పొయ్య

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన కాలంలో మా కరీంనగర్‌లో ‘వైన్స్’ అని బోర్డు లేని వీధి ఉండేది కాదు. ఆ బోర్డు కింద వైన్ దొరికే దుకాణం మాత్రం నేనెరిగినంతలో ఒక్కటీ లేదు. బ్రాందీ, విస్కీ, బీరు అన్నింటికీ కలిపి మా వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు అది. ఎవరైనా అమాయకుడు పోయి వైన్ ఉందా అని అడిగితే, జాలీ వెనుక కూర్చున్నతను “గిదంత వైనే గద, ఏది గావాలె” అని అలమారా మొత్తం చెయ్యి తిప్పి చూపించేవాడు. అటువంటి ఊళ్లో, ద్రాక్షపండ్లంటే దవాఖానలో ఉన్నవాళ్లను చూడబోయేటప్పుడు కొనేవి అని మాత్రమే తెలిసిన ఇంట్లో పుట్టిన నేను, అర్జెంటీనా దేశపు ఎర్ర వైన్ గురించి పెద్దమనుషుల ముందు నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. అప్పటి నాలోని ఆ పిల్ల ధైర్యం తలుచుకుంటే ఇప్పుడు నాకే భయమేస్తుంది.

మా సొంతూరు కరీంనగర్ కాదు, బొగ్గుబాయిల ఊరు. కంపెనీ క్వార్టర్లలో పుట్టి పెరిగాను. బాపు, అంటే మా నాన్న, భూమి కింద పనిచేసేవాడు. నేను హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతానంటే అవ్వ, అంటే మా అమ్మ, “ఇడ్లీలు పెట్టుడు నేర్సుకునేటందుకు హైదరాబాద్ దాంక పోవుడెందుకు, నేను నేర్పనా” అంది. బాపు ఏమీ అనలేదు. (ఆయన ఏమీ అనకపోవడమంటే సరే అన్నట్టు. వద్దనుకుంటే ఒక్క మాట అనేవాడు, అది చాలేది.) హైదరాబాద్‌లో ఆ చదువు పూర్తిచేసి, కరీంనగర్‌లో కొత్తగా తెరిచిన ఒక హోటల్లో ముందు కౌంటర్ దగ్గర పనికి కుదిరాను. వాళ్లిచ్చిన నల్లకోటు నాకంటే ముందు పనిచేసిన భారీ మనిషి ఎవరికో కుట్టినది. భుజాలు మోచేతుల దాకా దిగేవి. ఆ కోటు వేసుకుని నేను వచ్చినవాళ్లకు తాళంచెవులు ఇస్తుంటే, కోటే నడిచి వచ్చి ఇస్తున్నట్టుండేదని వంటవాళ్లు నవ్వేవారు.

హోటల్ యజమానికి క్వారీలు ఉండేవి. అందుకని ఊరంతా ఆయన్ని గ్రానైట్ సేటు అనేవారు. హోటల్లో నేల గ్రానైట్, మెట్లు గ్రానైట్, చేతులు కడుక్కునే తొట్టి గ్రానైట్. చెత్తబుట్ట మీద మూత కూడా గ్రానైటే కావడంతో దాన్ని లేపడానికి ఇద్దరు కావాలి. మనిషి మంచివాడే. కానీ ఊరు ఏమనుకుంటుందో అన్న బెంగ ఆయనకు చక్కెర జబ్బులాగా నిత్యం ఉండేది.

ఆ ఏడు మండు వేసవిలో, సేటుగారి రాళ్లు చూసి కొనడానికి అర్జెంటీనా నుంచి ఒక ముసలాయన వస్తున్నాడని కబురొచ్చింది. ఆదివారం పగలు మా హోటల్లో ఆయనకు విందు. ఆయన దేశపు వైనే ఆయనకు పోయాలని సేటుకు పట్టుదల పుట్టింది. హైదరాబాద్ నుంచి ఒకాయన కారులో సీసాలు తెచ్చాడు. ఆ ఎండలో కూడా మెడ బిగించి టై కట్టుకుని వచ్చాడు గనక మేమాయనకు టైసార్ అని పేరు పెట్టాం. సీసాలు దింపి, “ఇది మాల్బెక్. మెండోసా ప్రాంతంది. రెడ్ వైన్ ఎప్పుడూ రూమ్ టెంపరేచర్‌లోనే ఇవ్వాలి. ఐసులో పెట్టారంటే ఆయన ముందు మీ పరువు, నా పరువు రెండూ పోతాయి” అని హెచ్చరించి వెళ్లిపోయాడు. ఇక పోసేదెవరు? ఆ విద్య తెలిసిన మా రెస్టారెంట్ కెప్టెన్, మరదలి పెళ్లికని జైనూర్ దగ్గర ఏదో గూడేనికి పోయి ఉన్నాడు. అక్కడ ఫోను పలకదు. సేటు పనివాళ్లందరినీ నిలబెట్టి “గీ సీస మూత తీసుడు ఎవలకన్న వస్తదా” అని అడిగాడు. కోటు చేతిలోంచి నా వేళ్లు మాత్రం బయటికొచ్చి పైకి లేచాయి.

నాకున్న అనుభవం ఏపాటిదో చెబితే మీరు నవ్వుతారు. కాలేజీలో వైన్ పాఠం రోజు మా సారు తరగతి మొత్తానికి ఒకే సీసా తెచ్చి, తలా ఒక మూతెడు పోశాడు. నా పక్కనున్న పిల్ల వద్దంటే ఆమె మూత కూడా నేనే తాగాను. అంటే నాది తరగతిలో అందరికంటే రెట్టింపు అనుభవం. ఆ బలంతో నేను సేటు ముందు మెండోసాలో పుట్టినదానిలా నిలబడ్డాను.

మొదటి తగవు వంట దగ్గర వచ్చింది. మానేరు చేపల ఫ్రై లేకుండా కరీంనగర్ విందేమిటని సేటు. ఎర్ర వైన్‌తో చేప వద్దని నేను. “ఎందుకొద్దు?” అన్నాడాయన. “దీంట్ల వగరు ఉంటది సార్. చాప నోట్ల పెట్టుకొని మీదికెల్లి ఇది తాగితే ఇనుప మొల నాకినట్టు ఉంటది” అన్నాను. (ఇది పుస్తకంలో చదివిందే. మొల, అంటే మేకు, సంగతి మాత్రం నా సొంతం.) చివరికి చేపలు ముందుగా నిమ్మకాయ నీళ్లతో ఇవ్వాలని, సీసా తెరిచే వేళకు ముల్లు కూడా బల్ల మీద కనిపించకూడదని రాజీ కుదిరింది. “మరి దీంతోని ఏం తినాలె?” అన్నాడు సేటు. “మాంసం సార్. వాళ్ల దేశంల నిప్పుల మీద కాల్చుకొని తింటరు.” ఆయన నిట్టూర్చి, “అయితె ఉస్తాద్‌ను అడుగు పో” అన్నాడు.

ఉస్తాద్ మా పెద్ద వంటమనిషి. కరీంనగర్ పాత బజారులో ఆయన తాతల నాటి నుంచి పెళ్లి విందుల వంట వాళ్లదే. తెల్ల గడ్డం, నుదుటి మీద నమాజు మచ్చ. సీసా చూడగానే రెండడుగులు వెనక్కి జరిగి, “నేను ముట్ట బేటీ, వాసన గూడ సూడ. నువ్వు తాగి చెప్పు, నేను వండుత” అన్నాడు. అలా ఆ సాయంత్రం వంటగదిలో, వైన్ గురించి రెండు మూతలు మాత్రమే తెలిసిన నేను, జన్మలో దాన్ని రుచి చూడని ఆయనకు రుచి వర్ణించే పరీక్షకు కూర్చున్నాను. సేటు అనుమతితో ఒక సీసా తెరిచి గుక్కెడు నోట్లో పోసుకున్నాను. స్టోర్ రూములో పడి ఉన్న సీసా అది. వేడివేడి కషాయం తాగినట్టయింది.

“తియ్యగున్నదా?” అన్నాడు ఉస్తాద్.

“లేదు చాచా.”

“పుల్లగనా?”

“జర పులుపు. గానీ చింతపండు పులుపు కాదు.”

“మరెట్లున్నది, సక్కగ చెప్పు.”

నేను కళ్లు మూసుకుని ఇంకో గుక్క పుచ్చుకున్నాను. పుస్తకంలో ప్లమ్ అని, బ్లాక్‌బెర్రీ అని రాసి ఉంది. ఆ పండ్లు నేనూ చూడలేదు, ఆయనా చూడలేదు. “నేరేడు పండ్లు తిన్నంక నాలుక ఎట్లైతది చాచా? నల్లగై, వగరుగై, నోరంత ఎండినట్టు? గట్ల. ఆఖరుకు మిరియాల వాసన కొడుతది” అన్నాను. ఆయన గడ్డం నిమురుకుంటూ చాలాసేపు నా నోటివైపు చూశాడు, వైన్ అందులోంచి కనిపిస్తుందేమో అన్నట్టు. తరవాత తనలో తాను లెక్క వేసుకుంటున్నట్టు మాట్లాడాడు. “వగరు ఉంటె కొవ్వు గావాలె. పులుపు ఉన్నది గావట్టి టమాట, చింతపండు బంద్. మిర్చి తగ్గించాలె, లేకుంటె నోరు మండుతది. మిరియాలు, రాతిపువ్వు, పచ్చి బొప్పాయి.” అంతలో నవ్వాడు. “సేటుకు చెప్పు, మందమైన గ్రానైట్ పలక ఒకటి పంపుమని. పత్థర్ కా గోష్త్ చేస్త. బొగ్గుల మీద రాయి, రాయి మీద మాంసం.” రాళ్లు కొనడానికి వచ్చిన మనిషికి రాయి మీద వండి పెట్టడమనే మాట వినగానే సేటు ముఖం పెళ్లిపందిరిలా వెలిగిపోయింది.

రెండో తగవు టైసార్‌తో, ఫోన్‌లో. ఆ కషాయం అనుభవం తరవాత నేను సీసాలు ఐసు నీళ్ల బకెట్లో పెడతానని ఆయనకు చెప్పాను. చెప్పకుండా చేయవచ్చు, కానీ చెప్పి చేయడంలో ఉన్న సుఖం వేరు. ఆయన అవతల దాదాపు ఏడ్చాడు. “రెడ్ వైన్‌ని ఐసులోనా? రూమ్ టెంపరేచర్ అని చెప్పాను కదమ్మా.” “సార్, ఆ పుస్తకం రాసినాయన రూమ్ ఏ సలికొండల మీద ఉన్నదో నాకు తెల్వది. మా రూమ్‌ల గోడకు వీపు ఆనిస్తే చర్మం ఊడుతున్నది. పుస్తకమన్న మార్చాలె, రూమన్న మార్చాలె. నేను రూమ్ మార్చుతున్న” అని ఫోను పెట్టేశాను.

మూడో తగవు అసలైనది. శనివారం నాడు సేటు నన్ను పిలిచి మెల్లగా, “చూడు పిల్లా, నువ్వు పరద ఎనుకకు నిలవడి ఏం జెయ్యాల్నో చెప్పు, పోసుడు మాత్రం మగపిలగాడు పోస్తడు. ఆడిపిల్ల సీస పట్టుకున్నదంటె రేపు ఊర్ల నన్ను ఏమంటరు” అన్నాడు. అందరూ వింటున్నారు.

“మీ ఇంట్ల దసరాకు కల్లు ఎవరు పోస్తరు సార్?” అన్నాను.

ఆయన తడబడి, “మా అవ్వ” అన్నాడు.

“మరి మీ అవ్వను ఎవరేమన్నరు?”

వంటగదిలో గరిటె కిందపడిన చప్పుడైంది. “చెప్పేది నేనైతే పోసేది గూడ నేనే సార్. లేకుంటె ఆయనకు మజ్జిగ పోసుకోండ్రి” అని నేను బయటికొచ్చేశాను. నన్ను ఆయన తీసేయకపోవడానికి కారణం నా వాదన కాదని నాకు తెలుసు. కెప్టెన్ ఫోను ఇంకా పలకడం లేదు, అంతే.

ఆదివారం పొద్దున నేను బకెట్లలో ఐసు నింపుతుంటే వెనక గేటు దగ్గర బాపు నిలబడి కనిపించాడు. ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ, చంకలో చేతిసంచి. క్వార్టర్లలో మా పక్కింటాయన మేనల్లుడు ఇదే హోటల్లో బట్టలు ఉతికే విభాగంలో పనిచేసేవాడు. శనివారం మాట శనివారమే మా ఇంటికి చేరింది, దారిలో కొంచెం పెరిగి కూడా. నేను దగ్గరికి పోగానే బాపు తన అలవాటు ప్రకారం ఒక్క మాట అన్నాడు.

“సామాన్లు సదురుకో.”

“ఏమైంది బాపు?”

“బార్ల మందు పోస్తున్నవట.”

ఆయన కోపం ఊరు ఏమంటుందోనన్న కోపం కాదు. మా చిన్నబాపు, అంటే బాపు సొంత తమ్ముడు, అదే బాయిలో పనిచేస్తూ జీతం రోజున గేటు ముందరి మందు దుకాణంలో కూర్చుంటే లేచేవాడు కాదు. బాపు ఎన్నోసార్లు భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాడు. చివరికి దవాఖాన నుంచి తెల్లగుడ్డ కప్పి తెచ్చింది కూడా ఆయనే. ఆనాటి నుంచి బాపు పండక్కి కల్లు కూడా ముట్టలేదు. ఆయన్ని ఎదిరించడమంటే సేటును ఎదిరించినట్టు కాదు. అయినా వెనక్కి తగ్గాలనిపించలేదు.

“బాపు, నేను దుకాణం పెట్టలే. అన్నం పెట్టే కాడ పనిచేస్తున్న. తిండితోని పాటు గిదొకటి. ఎంత పొయ్యాల్నో, ఎప్పుడు బంద్ చెయ్యాల్నో గూడ నాకు సదువుల చెప్పిన్రు.”

“మాటలు మంచిగ నేర్సినవ్.”

“నేను రాను. నువ్వు గింత దూరం వచ్చినవ్ గద, ఉండి చూడు. తిట్టితే చూసి తిట్టు, చూడకుండ తిట్టకు.”

ఆయన చేతిసంచి ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. ఉస్తాద్ ఎప్పుడు వచ్చాడో మా మధ్యకు వచ్చి, “సలాం అన్న. నేను గూడ ముట్టనోన్నే. రా, మనిద్దరం లోపల కూసుందాం” అని బాపు చేతిసంచి అందుకున్నాడు. వంటగదికీ విందు హాలుకూ మధ్య పళ్లేలు అందించే చిన్న కిటికీ ఉంటుంది. దాని పక్కన స్టూలు మీద బాపు కూర్చున్నాడు. నాకు ఇక వెనుక నుంచి బాపు, ముందు నుంచి సేటు.

అతిథి వచ్చాడు. పొట్టిగా, గుండ్రంగా, ఎండకు ఇటుకలా కాలిన ముఖంతో ఉన్నాడు. వచ్చీరాని ఇంగ్లీషు. ఆయనది సాక్షాత్తూ మెండోసా పక్క ఊరేనని కూర్చున్నాక తెలిసింది. బల్ల చుట్టూ సేటు, ఊరి పెద్దమనుషులు కొందరు, వాళ్లలో సేటుగారి బామ్మర్ది. (ఈ బామ్మర్ది గురించి హోటల్లో అందరికీ తెలిసిన సంగతి ఒకటే. ఆయన వచ్చిన రోజు అందరూ ఆలస్యంగా ఇంటికి పోతారు.) నేను మెలికల మేకును బిరడాలోకి తిప్పి లాగాను. బిరడా సగానికి విరిగి, సగం చేతికొచ్చింది, సగం సీసాలో పడింది. అందరి తలలూ నావైపు తిరిగాయి. నేను ఏమీ జరగనట్టు చాయ్ జల్లెడ తెప్పించి, గాజు జగ్గులోకి వైన్ వడగట్టి, “దీనికి జర గాలి తగలాలె. అందుకే గిట్ల వంపుతం” అని గంభీరంగా చెప్పాను. గాలి సంగతి నిజమే, జల్లెడ సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. ముసలాయన జల్లెడనీ నన్నూ మార్చి మార్చి చూసి కనుబొమ్మలెగరేశాడు.

ఇక ఉపన్యాసం. మాల్బెక్ అనే ఈ ద్రాక్ష ఫ్రాన్సులో పుట్టిందనీ, అక్కడ చలికి వానకు ముడుచుకుని, వేరే ద్రాక్షల్లో రంగు కోసం కలపడానికి తప్ప పెద్దగా పేరు తెచ్చుకోలేదనీ మొదలుపెట్టాను. సముద్రం దాటి అర్జెంటీనాకు పోయాక, ఆండీస్ కొండల అడుగున మెండోసా ఎత్తుల మీద, పగలు ఎండ, రాత్రి చలి, మంచు కరిగి పారే కాలువ నీళ్లు దొరికేసరికి దాని జాతకం మారిపోయింది. “పుట్టింట్ల పనిమనిషి లెక్క ఉండె, అత్తగారింట్ల రాణి అయింది” అన్నాను. పెద్దమనుషులు నవ్వారు. ఆండీస్ అన్నప్పుడల్లా నేను చెయ్యి చాపి మానేరు డ్యాము వైపు చూపిస్తున్నానని ఉస్తాద్ తరవాత చెప్పాడు.

ఒక్కో గ్లాసులో మూడో వంతు పోస్తూ వచ్చాను. చల్లదనానికి గ్లాసు మీద చెమట పట్టింది. అతిథి దాన్ని తాకి చూశాడు. ఆయన తాగి, కళ్లు మూసుకుని, హమ్మయ్య అన్నట్టు ఒక నిట్టూర్పు విడిచాడు. నేను టైసార్‌ను మనసులోనే ఒక చూపు చూశాను. ఇంతలో బామ్మర్ది తన గ్లాసు ఎత్తి వెలుతురుకు పెట్టి, “గింతేనా? ధర్మపురి గుళ్లె తీర్థం గూడ ఇంతకంటె ఎక్కువ పోస్తరు” అన్నాడు. తరవాత “సోడ తెప్పియ్యి” అన్నాడు. నా లోపలి పుస్తకం లేచి నిలబడింది. “సార్, ఇంత మంచి వైన్‌ల సోడ కలిపితే దాన్ని అవమానం చేసినట్టు. మెండోసల ఎవరన్న చూస్తే బాధపడుతరు” అన్నాను, ముసలాయన వైపు మర్యాదగా తలవంచి. పక్కనున్నాయన దాన్ని ఆయనకు ఇంగ్లీషులో చెప్పాడు. ముసలాయన నా ముఖంలోకి ఎంతో దయగా చూసి, తన గ్లాసు ముందుకు జరిపి, “సోడా, ప్లీజ్. ఐస్ కూడా” అన్నాడు. వాళ్ల ఇళ్లలో ఎండాకాలం భోజనానికి అలాగే తాగుతారట, ఆయన నాన్న, తాత అందరూ.

హాలు గొల్లుమంది. బామ్మర్ది బల్ల మీద చరిచి చరిచి నవ్వాడు. నా ముఖం మాల్బెక్ రంగుకు తిరిగింది. కోటు ఇంత పెద్దది ఎందుకిచ్చారో అప్పుడు తెలిసింది, లోపలికి దూరి దాక్కోవడానికి. అయితే ఓడిపోయినట్టు కనిపించకూడదన్న మొండితనం ఒకటి ఉంది చూశారూ, అది నన్ను నిలబెట్టింది. నేనే పోయి సోడాలు తెచ్చి, ఇద్దరికీ పోసి, “పెద్దాయన తెలిసి కలుపుకున్నడు, మీరు తెల్వక కలుపుకున్నరు. గంతే తేడ” అన్నాను. కిటికీలో పళ్లేలు సర్దుతున్న ఉస్తాద్ పక్కకు తిరిగి దగ్గాడు.

రాయి మీద మాంసం వచ్చింది. పలకతో సహా ఇద్దరు మోసుకొచ్చారు, నెయ్యి చిటపటలాడుతూ. అతిథి మొదట మాంసం వైపు చూడనే లేదు. వంగి రాయి చూశాడు, వేలితో అంచు గోకాడు, ఏ క్వారీదని అడిగాడు. సేటు సంతోషంతో కూర్చోలేకపోయాడు. తరవాత ఆయన ఒక ముక్క తిని, ఒక గుక్క తాగి, మళ్లీ ముక్క తిని, ఇక మాట్లాడటం మానేశాడు. నేను సోడా లేని గ్లాసు కూడా ఒకటి ఆయన ముందు పెట్టాను. దాన్నీ తాగాడు. కొవ్వుకు వగరు, వగరుకు కొవ్వు ఎలా తోడైందో ఆ ముఖంలో చూసి, పరుగున పోయి ఉస్తాద్‌కు చెప్పాను. “నేరేడు పండు కుదిరింది చాచా.” ఆయన ఆకాశం వైపు చూసి చెయ్యెత్తాడు. పక్క స్టూలు మీద బాపు పళ్లెంలో ముక్కలున్నాయి, తింటున్నాడు, నావైపు చూడటం లేదు.

అప్పుడు మొదలైంది బామ్మర్ది వ్యవహారం. నేను లోపలికి పోయి వచ్చేలోగా ఆయన జగ్గు అందుకుని నీళ్ల గ్లాసు నిండా పోసుకున్నాడు. అదయ్యాక ఇంకోటి. మాట ముద్దగా అయింది. పక్కనాయన భుజం మీద పడుతున్నాడు. జేబులోంచి కారు తాళాలు తీసి బల్ల మీద ఆడిస్తూ, భోజనం కాగానే జగిత్యాల పోవాలని, పిల్లలు కింద హాల్లో ఎదురుచూస్తున్నారని చెబుతున్నాడు. మళ్లీ గ్లాసు నావైపు చాచాడు. నేను జగ్గును బల్ల మీది నుంచి తీసి చేతిలో పట్టుకున్నాను.

“ఇగ చాలు సార్. చాయ్ తెప్పిస్త.”

“పొయ్యి.”

“మీరు కార్ తోలుకుంట పోవాలె. ఇగ నేను పొయ్య సార్.”

సేటు నాకు కళ్లతో సైగ చేశాడు. ఇంటావిడ తమ్ముడు, పోసెయ్యి, గొడవ వద్దు అని ఆ కళ్లలో ఉంది. బామ్మర్ది కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. “నాకు వద్దని చెప్పేటందుకు నువ్వెవ్వతివి? ఎవల బిడ్డవు నువ్వు?”

ఆ ప్రశ్నకు జవాబు కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. నేను అటు చూడలేదు. “బొగ్గుబాయిల పనిచేసేటాయన బిడ్డను” అన్నాను. తరవాతి మాట నేను ఆలోచించి అన్నది కాదు, దానంతట అదే వచ్చింది. “పొమ్మంటే ఇప్పుడే పోత గానీ, పొయ్యమంటే మాత్రం పొయ్య.”

జగ్గు గుండెకు ఆనించుకుని అలాగే నిలబడ్డాను. పిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకున్నానట. ముసలాయనకు భాష రాకపోయినా సంగతి అర్థమైంది. ఆయన తన గ్లాసు మీద అరచెయ్యి మూతలా పెట్టి, తనకూ చాలన్నాడు. పెద్ద అతిథే చాలన్నాక మిగతావాళ్లకూ చాలైంది. బామ్మర్ది ఏదో గొణిగి, కూర్చుని, కాసేపటికి కూర్చున్నచోటే కునుకు తీశాడు. సేటు డ్రైవరు ఆయన్నీ పిల్లల్నీ ఆయన కారులోనే జగిత్యాల తీసుకుపోయాడు.

అతిథిని సాగనంపాక సేటు నన్ను ఆ గ్రానైట్ మెట్ల మీద నిలబెట్టి కడిగేశాడు. నలుగురిలో చుట్టం పరువు తీశానని, రేపటి నుంచి రానక్కర్లేదని. సరే సార్ అన్నాను. పొమ్మంటే పోతానని నేనే అన్నాను కదా. అప్పుడే ఆయన ఫోను మోగింది. అవతల ఇంటావిడ. డ్రైవరు పిల్లల్ని దింపి జరిగింది చెప్పగానే, బామ్మర్ది భార్య ఆమెకు ఫోను చేసిందట. ఇవతలికి వినిపించేంత గట్టిగా మాట్లాడింది. “మా తమ్మున్ని ఇన్నేండ్లల్ల ఒక్కలన్న ఆపినారా? ఆ పిల్లను పంపితివో, నువ్వు గా హోటల్లనే పండుకో, ఇంటికి రాకు.” సేటు ఫోను జేబులో పెట్టుకుని, కాసేపు మెట్ల రాయిని పరిశీలించి, “రేపు జర జల్ది రా” అని లోపలికి పోయాడు.

బాపును బస్టాండ్‌కు తీసుకుపోయాను. ఎండ ఇంకా దిగలేదు. సంచి నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. సామాన్ల మాట ఎత్తుతాడేమోనని నేను దారంతా కాచుకుని ఉన్నాను, ఎత్తితే ఏమనాలో కూడా కూడబలుక్కున్నాను. మా ఊరి బస్సు వచ్చి నిలబడ్డాక, ఎక్కేముందు ఆగాడు.

“పోసుడు నాకు నచ్చలే బిడ్డ. ఎప్పటికి నచ్చది.”

“తెల్సు బాపు.”

“గానీ పొయ్యనన్నవు చూడు.” ఆయన బస్సు కమ్మీ పట్టుకుని కిందికి చూస్తూ మాట్లాడాడు. “గా దుకాణంల గట్ల అనెటోళ్లు ఒక్కలుంటె, మీ చిన్నబాపు ఇంక కొన్నేండ్లు ఉంటుండె.”

కండక్టరు విజిలేశాడు. బాపు ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, “ఆ ఉస్తాద్ అన్న వండిన కూర మంచిగున్నది. మీ అవ్వకు చెప్త” అన్నాడు. అంతటితో మా మధ్య ఆ సంగతి ముగిసింది. ఆ తరవాత నేను ఎన్ని హోటళ్లు మారినా, ఎన్ని దేశాల సీసాలు తెరిచినా, ఆయన మళ్లీ సామాన్లు సర్దుకోమనలేదు. మెచ్చుకోనూ లేదు.

ఇప్పుడు నా కింద పిల్లలు పనిచేస్తున్నారు. నాకు చాలా తెలుసు. ఏ కొండవాలు ద్రాక్ష ఏ రుచి ఇస్తుందో, ఏది ఎంత చల్లగా ఇవ్వాలో, ఏ అతిథికి ఎదురు చెప్పవచ్చో, ఎవరికి చెప్పకూడదో కూడా తెలుసు. ఆ చివరిది తెలిసిన నాటి నుంచి మనిషి కొంచెం వంగుతాడనుకుంటాను. అప్పుడప్పుడు అనిపిస్తుంది, మోచేతుల దాకా దిగిన కోటుతో, రెండు మూతల అనుభవంతో, మానేరు వైపు చెయ్యి చూపి ఆండీస్ అన్న ఆనాటి ఆ పిల్ల ఇవాళ నా దగ్గరికి పని అడగడానికి వస్తే తీసుకుంటానా అని. వచ్చిన రెండో రోజే నాతో కొట్లాటకు దిగుతుంది. నేను చెప్పిన ప్రతిదానికీ ఎందుకని అడుగుతుంది. తెలియనిది తెలిసినట్టు చెప్పి నలుగురిలో నవ్వులపాలవుతుంది, నన్నూ చేస్తుంది. అయినా తీసుకుంటాను. ఆ పిల్ల ముందు నేనే వంగిన నడుం కొంచెం నిటారు చేసుకుని నిలబడాల్సి వస్తుందేమో, ఆ మాట మాత్రం ఆమెకు చెప్పను.